మైకు పట్టుకుంటే జనం మ్యాచ్‌కి రావాలి: రెజ్లింగ్ ప్రోమో చెప్పడం నేర్చుకునే గోదావరి కుర్రాళ్ళకి సమగ్ర మార్గదర్శి

అమలాపురం నుంచి నర్సాపురం దాకా ఏ ఊళ్ళో అడిగినా రెజ్లింగ్ అనగానే కుర్రాళ్ళు ముందు దెబ్బల గురించే చెబుతారు. అండర్‌టేకర్ చోక్‌స్లామ్, రే మిస్టీరియో 619, రాండీ ఆర్టన్ ఆర్‌కేఓ. ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ర్యాంకు చూసుకుంటూ పెరిగిన తరం కదా, అంతే ఉంటుంది. ఆ కార్డుల మీద అచ్చు వెయ్యని లెక్క ఒకటుంది: ఎవరు ఎంత బాగా మాట్లాడతారన్నది. టికెట్లు తెగేది ఎక్కువగా దాని మీదే.

మ్యాచ్‌కి ముందు మైకు పట్టుకుని, ఆ మ్యాచ్ చూడకపోతే ఏదో పోగొట్టుకుంటామని జనానికి అనిపించేలా చెప్పే మాటే ప్రోమో. తిట్టడం, అరవడం, తొడ కొట్టడం అందులో ఉండొచ్చు, లేకపోయినా పర్వాలేదు. జనాన్ని ఆ రోజుకి, ఆ చోటికి రప్పించడం మాత్రం ఉండి తీరాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని కోసమే.

రెజ్లర్ అవుదామనుకునేవాళ్ళకే కాదు, సంక్రాంతి కబడ్డీ పోటీలకి, కాలేజీ వాలీబాల్ ఫైనల్‌కి, రీల్స్ చేసేవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. మన దగ్గర రింగు లేదు గానీ మైకుకేం కొదవ లేదు.

మొదటి అడుగు: చూడటం ఆపి వినండి

ముందు మంచివి ఎంచుకోవాలి. రోజుకి ఒకటి చాలు. ఫోను బోర్లా పెట్టి మాట మాత్రమే వినండి. రెండోసారి సౌండు ఆపేసి మొహం, చేతులు మాత్రమే చూడండి. మూడోసారి రెండూ కలిపి చూడండి. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోయినా నష్టం లేదు. గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ ఆగాడు, జనం ఎప్పుడు లేచారు అన్నది భాష రాకపోయినా తెలిసిపోతుంది.

నా వరుస ఇది. 1985లో డస్టీ రోడ్స్ చెప్పిన 'హార్డ్ టైమ్స్'. 1996 జూన్ 23న కింగ్ ఆఫ్ ద రింగ్ అనే టోర్నీ గెలిచాక స్టీవ్ ఆస్టిన్ చెప్పినది. 2008లో సూటు వేసుకున్న క్రిస్ జెరికో. 2011 జూన్ 27న లాస్ వేగస్‌లో సీఎం పంక్. 2014లో అండర్‌టేకర్ ఓడిపోయిన మర్నాడు, అతన్ని ఓడించిన బ్రాక్ లెస్నర్ తరఫున మాట్లాడే మేనేజరు పాల్ హేమన్. 2016 ఆగస్టులో డేనియల్ బ్రయన్ మీద విరుచుకుపడిన ద మిజ్. 2022లో విలన్ వేషాల ఎంజేఎఫ్. ఆఖర్న 2023 ఫిబ్రవరిలో కోడీ రోడ్స్, పాల్ హేమన్ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నది.

ఈ లిస్టులో ద రాక్ లేడేంటని కొందరు కొట్టడానికి వస్తారు. రాక్‌ని చూడండి, హాయిగా నవ్వుకోండి, అనుకరించకండి. ఆ కనుబొమ్మ, తన గురించి తానే వేరే మనిషి గురించి చెప్పినట్టు 'రాక్ అంటున్నాడు' అనడం ఆయనకే చెల్లింది. మనం చేస్తే పెళ్ళిలో మిమిక్రీ చేసినట్టుంటుంది. ఆయన దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. 1996 నవంబరులో నవ్వుతూ వచ్చిన మంచి కుర్రాడి వేషాన్ని జనం భరించలేక తిట్టిపోశారు. 1997లో విలన్ పక్కకి మారి, మీరు నన్ను తిట్టారు కదా అని ఆ తిట్లనే పట్టుకుని మాట్లాడాడు. అప్పటిదాకా ఎవరికీ పట్టని మనిషి అక్కణ్ణుంచి మైకు ముందు రాజయ్యాడు.

నచ్చిన ప్రోమో ఒకటి పూర్తిగా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఊపిరి తీసుకున్న చోట గీత, జనం అరిచిన చోట చుక్క. ఒక పేజీ అయ్యేసరికి ఒక సంగతి తేలుతుంది: వీళ్ళు మీరనుకున్నంత వేగంగా మాట్లాడటం లేదు.

రెండో అడుగు: నోరు తెరిచే ముందు నాలుగు ప్రశ్నలు

నేనెవరిని? ఎదుటివాడెవడు? మా మధ్య తగువేంటి? తేలేది ఎప్పుడు, ఎక్కడ? ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయండి. ఒక వాక్యంలో రాయలేకపోతే మీకే ఇంకా సరిగ్గా తెలియదన్నమాట.

పంక్ 2011 ప్రోమో తీసుకోండి. దాన్ని 'పైప్ బాంబ్' అంటారు. ర్యాంపు పైన బాసింపట్టు వేసుకు కూర్చుని, ఒంటి మీద ఆస్టిన్ టీషర్టుతో మొదలుపెట్టాడు. రింగులో జాన్ సీనా పడి ఉన్నాడు. పంక్ మాటల్లో నాలుగు ప్రశ్నలకీ జవాబుంది. నేను ప్రపంచంలోకెల్లా మేటి మల్లయోధుణ్ణి. సీనా మా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ నెత్తిన పెట్టుకున్న మనిషి. నా బొమ్మ తాగే కప్పుల మీద లేదు, ప్రోగ్రాం పుస్తకం అట్ట మీద లేదు. జూలై 17తో నా కాంట్రాక్టు అయిపోతుంది, ఆ రోజే సీనాని ఓడించి ఛాంపియన్ బెల్టు పట్టుకుని వెళ్ళిపోతాను. తిట్లు, ఎగతాళి, కెమెరాకి చెయ్యి ఊపడం అన్నీ ఈ నాలుగు గుంజల మీద వేసిన పందిరే. ఆఖర్న యజమాని గురించి సొంత కథ ఒకటి ఎత్తుకోగానే మైకు ఆపేశారు. జూలై 17న షికాగోలో ఆ మ్యాచ్ జరిగింది, పంక్ గెలిచాడు.

జనానికి గుర్తుండిపోయింది మైకు కట్ కావడం. కానీ మ్యాచ్ అమ్మింది తేదీ.

మూడో అడుగు: నిజం మీద నిలబడండి

ఇక్కడ కాసేపు ఆగుదాం, అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

రెజ్లింగ్‌లో ఎవరు గెలుస్తారో ముందే అనుకుంటారన్న సంగతి ఇప్పుడు చిన్నపిల్లలకీ తెలుసు. తెలిసి కూడా జనం ఎందుకు ఊగిపోతారు? చెప్పేవాడి మాటలో ఒక నిజం ఉంటుంది గనక. ఫలితం కల్పితం కావచ్చు, కడుపుమంట కల్పితం కాకూడదు.

డస్టీ రోడ్స్ ప్లంబర్ కొడుకు. పొట్ట, నత్తిగా పలికే మాట, ఒంటి మీద మచ్చలు. ఎదురుగా రిక్ ఫ్లెయిర్: సూట్లు, విమానాలు, బంగారు జుట్టు. 1985 అక్టోబరులో డస్టీ ఏం చెప్పాడంటే, కష్టకాలం అంటే ఏంటో నీకు తెలియదన్నాడు. బట్టల మిల్లులో పని పోయి పిల్లలకి తిండి పెట్టలేని వాడికి తెలుసు. కార్ల ఫ్యాక్టరీలో ఇంటికి పొమ్మన్న వాడికి తెలుసు. ముప్పయ్యేళ్ళు చాకిరీ చేస్తే చేతికో గడియారం పెట్టి, ఆ చోట కంప్యూటర్ కూర్చోబెట్టి గెంటేసిన వాడికి తెలుసు. తరవాత కెమెరా వైపు చెయ్యి చాపి, మీ చెయ్యి ఇలా పెట్టండి, నా చెయ్యి మీ చేతిని తాకుతోంది అన్నాడు. ఆ ఏడాది నవంబరు 28న స్టార్‌కేడ్ అనే షోలో ఫ్లెయిర్‌తో మ్యాచ్. ఇందులో ఫ్లెయిర్‌ని తిట్టింది ఎంత? బాగా తక్కువ. ఎక్కువ భాగం చూసేవాడి ఇంటి గురించే.

డస్టీ ఆఖరి రోజుల్లో ఫ్లోరిడాలోని డబ్ల్యూడబ్ల్యూఈ శిక్షణ కేంద్రంలో కుర్రాళ్ళకి ప్రోమో క్లాసు చెప్పేవాడు. 2015 జూన్‌లో పోయాడు. ఆయన దగ్గర తర్ఫీదు అయినవాళ్ళలో రోమన్ రేన్స్ ఒకడు. ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని 2023లో హేమన్ ఏం చేశాడో చూడండి. డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా చేసే పెద్ద షో రెసిల్‌మేనియాలో డస్టీ కొడుకు కోడీ, రోమన్‌తో కొట్లాడాలి. హేమన్ మెల్లగా, దగ్గరి బంధువులా మాట్లాడుతూ వచ్చి, నువ్వు మీ నాన్నకి ఇష్టమైన కొడుకువి, కానీ ఆయన కోరుకున్న కొడుకు రోమన్ రేన్స్ అనే అర్థం వచ్చేలా ఒక్క మాట అన్నాడు. అరవలేదు. చెయ్యెత్తలేదు. కోడీ మొహం చూస్తే చాలు. అక్కణ్ణుంచి ఆ మ్యాచ్ బెల్టు కోసం కాదు, తండ్రి కోసం అయిపోయింది. ఆ ఏడు కోడీ ఓడిపోయాడు, 2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో గెలిచాడు. రోమన్ 1,316 రోజులు మోసిన బెల్టు అది.

ఈ కాలంలో ఒక్కణ్ణే ఎంచమంటే నేను హేమన్‌నే ఎంచుతాను. పంక్ తన కడుపుమంట చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది, హేమన్ పక్కవాడి కడుపుమంటని కూడా అంతే గొప్పగా చెబుతాడు. అది ఇంకా కష్టం.

నిజం లేనప్పుడు ఏమవుతుందో కూడా రోమన్ దగ్గరే కనబడుతుంది. 2014, 15 ప్రాంతంలో రాసిచ్చిన చిన్నపిల్లల జోకులు ఆయన నోట పెట్టారు. జనం గేలి చేశారు. 2020 తరవాత తక్కువ మాటలు, పొడుగు మౌనం, కుటుంబ పెద్ద వేషం. అదే మనిషి, అదే గొంతు. చొక్కా ఒంటికి సరిపోయిందంతే.

మరి మీ నిజం ఏంటి? పోయినేడు ఓడిపోయారా? చదువు మానేసి జట్టులో చేరారా? చెరువుల మీద నష్టం వచ్చి ఇంట్లో ఇబ్బందా? అందులో జనం ముందు చెప్పుకోగలిగినది ఒకటి తీసుకోండి. రేపు తలుచుకుంటే సిగ్గేసేదాన్ని, ఇంట్లోవాళ్ళు బాధపడేదాన్ని తీసుకోకండి. రీలు ఒకసారి బయటికెళ్ళాక వెనక్కి రాదు.

నాలుగో అడుగు: ఎదుటివాణ్ణి పెద్ద చెయ్యండి

మనవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 'నువ్వెంత, నీ బతుకెంత' అని మొదలుపెడతారు. సరే, వాడు అంత పనికిమాలినవాడే అయితే వాడితో మీ మ్యాచ్ మేమెందుకు చూడాలి? గెలిస్తే గొప్పేముంది? ఓడిపోతే తల ఎక్కడ పెట్టుకుంటారు?

పంక్ ఆ రోజు సీనాతో నువ్వంటే నాకు ద్వేషం లేదనే అన్నాడు, నువ్వే మేటి అనే ఆలోచన అంటే ద్వేషం అన్నాడు. హేమన్ 2014లో బ్రాక్ లెస్నర్‌ని పొగిడింది, అతని చేతిలో ఓడేదాకా రెసిల్‌మేనియాల్లో అండర్‌టేకర్ వరసగా సాధించిన 21 విజయాలని పొగుడుతూనే. ఆ గోడ ఎంత ఎత్తో చెప్పాక గదా కూల్చినవాడి సత్తా తెలిసేది.

ఇదేమీ మనకి కొత్త కాదు. ఈ డెల్టా ఊళ్ళలో రాత్రంతా పద్య నాటకాలు చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. రాయబారం సీను గుర్తు చేసుకోమనండి. కృష్ణుడు ముందు అడిగేది ఐదూళ్ళు, చాలా చిన్న కోరిక. తరవాత అవతల ఎవరెవరున్నారో, కోపమంటూ ఎరగని ధర్మరాజుకే కోపం వస్తే ఏమవుతుందో చెబుతాడు. యుద్ధం ఇంకా మొదలు కాలేదు, సభలో కూర్చున్నవాళ్ళకి మాత్రం కళ్ళ ముందు కనబడుతోంది. వన్స్ మోర్ అని జనం అరిచేది అందుకే. మీ ఊళ్ళో ఆ వేషం కట్టిన పెద్దాయన ఉంటే వెళ్ళి కూర్చోండి. పద్యం రాకపోయినా ఫర్వాలేదు. రాగం ఎత్తుకునే ముందు ఆయన సభ అంతా ఒకసారి ఎలా చూస్తాడో చూసి రండి.

ఐదో అడుగు: వెటకారాన్ని అదుపులో పెట్టండి

గోదావరి మనిషికి వెటకారం పుట్టుకతో వస్తుందంటారు. ప్రోమోకి అది పెద్ద ఆస్తి. ముఖ్యంగా మన 'అండీ' ఉంది చూశారూ, దాంతో మర్యాద చెయ్యొచ్చు, మనిషిని నిలువునా కోసెయ్యొచ్చు. విలన్ వేషం వేసేవాడు గొంతు చించుకోనక్కర్లేదు. 'అయ్యో, మీరెందుకండీ శ్రమ పడతారు, కూర్చోండి' అంటే చాలు, అవతలి జట్టువాళ్ళు బెంచీల మీంచి లేస్తారు.

2008లో జెరికో చేసింది అలాంటిదే. అప్పటిదాకా జనం కూడా అనే ఊతపదాలు, మెరిసే బట్టలు, గోల. అవన్నీ వదిలేసి సూటు వేసుకుని, నెమ్మదిగా, పెద్ద పెద్ద మాటలు వాడుతూ మీరంతా కపటులని జనం మొహం మీదే చెప్పాడు. జనం తనతో కలిసి అరవడానికి ఒక్క ముక్క కూడా మిగల్చలేదు. విలన్ అంటే అలా ఉండాలి.

హద్దులు మాత్రం గట్టిగా పెట్టుకోండి. కులం, పార్టీ, ఎదుటివాడి ఇంట్లో ఆడవాళ్ళు, ఒంటి రంగు, వైకల్యం, ఇవి ఏ రూపంలోనూ వద్దు. ఇది నీతి కోసం చెబుతున్నది మాత్రమే కాదు, పని కోసం కూడా. వాటిల్లో ఏ ఒక్కటి ఎత్తినా జనం మ్యాచ్ మర్చిపోయి అసలు గొడవలోకి దిగుతారు. కమిటీవాళ్ళు మైకు లాక్కుంటారు, పంక్‌కి ఆపినట్టు నాటకానికి కాదు, నిజంగానే. ఊరిని తిట్టడం దీనికన్నా చిన్న తప్పు, కానీ అది సోమరి పని. భీమవరంలో నిలబడి భీమవరాన్ని తిడితే ఎవడికైనా కేకలు పడతాయి. ఎంజేఎఫ్ కూడా వెళ్ళిన ప్రతి ఊరినీ తిడతాడు, నిజమే. కానీ ఆయన్ని పెద్దవాణ్ణి చేసింది అది కాదు. 2022 ఫిబ్రవరిలో చిన్నప్పుడు తోటిపిల్లలు తనని ఎలా ఏడిపించారో, పంక్‌ని ఎలా ఆరాధించాడో చెప్పి విలనే జనాన్ని కరిగించాడు. వారం తిరిగేసరికి అదే పంక్‌ని చావబాదాడు. ఆ జాలి లేకపోతే ఆ కోపం లేదు.

ఆరో అడుగు: రాయండి, కొట్టెయ్యండి, మళ్ళీ రాయండి

ఉదాహరణ ఒకటి చూద్దాం. కనుమ సాయంత్రం కబడ్డీ ఫైనల్. మాట్లాడేవాడు రాజోలు వైపు కుర్రాడు, పోయినేడు ఆఖరి కూతలో దొరికిపోయి జట్టు ఓడిపోయింది. మామూలుగా వచ్చే మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

'ఒరేయ్ భీమవరం! పోయినసారి ఏదో లక్కు కొద్దీ గెలిచారు. ఈసారి మీ కాళ్ళూ చేతులూ ఇరగ్గొట్టి పంపిస్తాం. దమ్ముంటే రండి. మా రాజోలోళ్ళతో పెట్టుకుంటే మామూలుగా ఉండదు!'

ఇందులో తప్పులు లెక్కపెట్టండి. అవతలివాళ్ళది లక్కు అన్నాడు, అంటే వాళ్ళు చిన్నవాళ్ళైపోయారు. కాళ్ళు విరగ్గొట్టడం ఎవరైనా అంటారు. ఎప్పుడో లేదు, ఎందుకో లేదు. మాట్లాడింది ఎవరో కూడా లేదు, 'రాజోలోళ్ళు' అన్నాడంతే. మళ్ళీ రాస్తే:

'అందరికీ నమస్కారమండి. పోయిన సంక్రాంతికి ఇదే గ్రౌండులో ఆఖరి కూతకి వెళ్ళింది నేనేనండి. ఒకణ్ణి తాకాను. వెనక్కి తిరిగాను. గీతకి మూరెడు దూరం. ఆ మూరెడు దూరంలో నా కాలు పట్టుకున్నది భీమవరం కెప్టెన్ గారండి. చాలా బాగా పట్టుకున్నారు. ఆ పట్టు గురించి మా ఊళ్ళో ఏడాదిపాటు చెప్పుకున్నారండి, నా ముందే చెప్పుకున్నారు. మా నాన్న కొబ్బరి దింపుతారు. ఆ రాత్రి ఇంటికెళ్తే ఏమీ అనలేదు. కంచంలో అన్నం పెట్టి, తిను, అన్నారు. తిట్టుంటే బాగుండేదండి. కెప్టెన్ గారూ, మీ పట్టు గట్టిదండి, కాదనను. ఈ ఏడాదంతా నేను పొద్దున్నే ఏటి ఇసకలోనే పరిగెట్టాను. ఇసకలో కూరుకుపోయిన కాలు ఎలా లాక్కోవాలో నేర్చుకున్నాను. కనుమ రోజు, సాయంత్రం నాలుగింటికి, ఇదే గ్రౌండు, ఇదే గీత. కాలు మళ్ళీ ఇస్తానండి. పట్టుకోండి.'

నాలుగు ప్రశ్నలకీ జవాబులున్నాయి. కెప్టెన్ పెద్దవాడయ్యాడు. కొబ్బరి దింపే తండ్రి అన్న ఒక్క ముక్కతో గ్రౌండులో సగం మంది ఈ కుర్రాడి వైపు వచ్చేస్తారు, వాళ్ళ ఇళ్ళలోనూ అలాంటి నాన్నలే ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మ్యాచ్‌లో ఏం చూడాలో జనానికి చెప్పేశాడు: ఆ కాలు, ఆ పట్టు. నాలుగింటికి వాడు కూతకి దిగగానే అందరి కళ్ళూ కాలి మీదే ఉంటాయి.

రాసింది బట్టీ పట్టకండి. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం అక్షరం పొల్లు పోకుండా రావాలి. మధ్యలో వరుస గుర్తుంటే చాలు. బట్టీ పట్టినవాడు ఒక మాట మర్చిపోగానే మొహంలో టెన్షన్ కనబడిపోతుంది. నిడివి నిమిషం, నిమిషంన్నర. పంక్ ఆరు నిమిషాల పైన మాట్లాడాడని మీరూ మాట్లాడకండి.

ఏడో అడుగు: గొంతు, మౌనం, మైకు

జేక్ రాబర్ట్స్ అని పాత తరం రెజ్లర్. ఎప్పుడూ అరిచేవాడు కాదు. అందరూ అరుస్తున్న రోజుల్లో తను గుసగుసలాడినట్టు మాట్లాడేసరికి జనమే చెవులు రిక్కించుకునేవారు. అరుపు దాచుకోండి. ప్రోమో మొత్తానికి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు.

మౌనానికి భయపడకండి. రోమన్ 2020 తరవాత మైకు ఎత్తి, వెంటనే మాట్లాడకుండా జనం గోల దానంతటదే తగ్గేదాకా చూస్తూ నిలబడతాడు. మీరు గ్రౌండులో రెండు సెకన్లు ఆగితే మీకు రెండు నిమిషాల్లా ఉంటుంది. జనానికి అలా ఉండదు.

ఇక మన మైకుల సంగతి. తాటాకు పందిరి కింద, కొమ్ము స్పీకర్లు కట్టిన చోట పొడుగు వాక్యం పనికిరాదు. ఒక స్పీకరు చెట్టుకి, ఇంకోటి గ్రౌండు అవతల స్తంభానికి కడతారు, మీ మాట రెండుసార్లు వినబడుతుంది. మొదటి మాట తోకని రెండోది తొక్కేస్తుంది. కాబట్టి చిన్న వాక్యం, ఆగడం, మళ్ళీ చిన్న వాక్యం. మైకు గడ్డం కింద బెత్తెడు దూరంలో పట్టుకోండి, నోట్లో పెట్టుకుంటే ప, బ అక్షరాలు పేలతాయి. మైకు మొహం స్పీకరు వైపు తిరగనివ్వకండి, కీచుమంటుంది. ముందే వెళ్ళి సౌండు కుర్రాడితో పరిచయం చేసుకుని, ఎకో తగ్గించమని అడగండి. దేవుడి పాటలకి పెట్టిన ఎకోలో మీ మాట ఒక్కటి కూడా తెలియదు.

ఫోనులో రికార్డు చేస్తుంటే చోటు చూసుకోండి. ఏటిగట్టు మీద గాలి మాట మింగేస్తుంది, గాలికి వీపు పెట్టి నిలబడండి. రొయ్యల చెరువు గట్టు మీద బొమ్మ బాగుంటుంది గానీ ఏరియేటర్ల హోరు ఉంటుంది. కొబ్బరి తోట మధ్యలో మధ్యాహ్నం పూట మంచిది. ఒకే టేకులో చెప్పండి. ముక్కలు ముక్కలుగా అతికిస్తే మాటలో ఉన్న ఊపు పోతుంది. స్క్రీను మీద మీ మొహం చూసుకోకండి, కెమెరా కన్ను చూడండి.

ఎనిమిదో అడుగు: మధ్యలో ఎవడో అరుస్తాడు

తప్పదు. 2001లో ఆస్టిన్ మాటమాటకీ 'వాట్' అనడం మొదలుపెట్టాడు. అది జనానికి అంటుకుని ఇప్పటికీ ఎవరు మాట్లాడుతున్నా ఆగిన ప్రతిచోటా 'వాట్' అని అరుస్తారు. మంచి మాటగాళ్ళు దాన్ని తిట్టరు, లయ మారుస్తారు. ఒకే కొలతలో ఆగుతుంటే జనం ఆ సందులో దూరతారు. ఒకచోట ఆగకుండా రెండు వాక్యాలు లాగించి, అనుకోని చోట ఆగితే వాళ్ళకి తాళం తప్పుతుంది.

మన దగ్గర 'దిగరా ఒరేయ్' అని వస్తుంది. నవ్వి వదిలెయ్యొచ్చు. ఒక్క మాట అనొచ్చు: 'దిగుతానండి, నాలుగింటికి దిగుతాను.' రెండో మాట అనొద్దు. గొడవ పెట్టుకుంటే ఇక ఆ మనిషితోనే మ్యాచ్.

అవకాశం మీద కూడా కన్నుండాలి. ఆస్టిన్ 1996 ఫైనల్లో ఓడించింది జేక్ రాబర్ట్స్‌నే. జేక్ అప్పట్లో బైబిల్ గురించి మాట్లాడుతున్నాడని తెలిసి, బైబిల్ వాక్యం నంబరు చెప్పినట్టే తన పేరు పక్కన 3:16 తగిలించి కొట్టాడు. ఆ అంకె తరవాత లక్షల టీషర్టుల మీదికెక్కింది. ఎదుటివాడు మీకు ముందు మాట్లాడితే శ్రద్ధగా వినండి. మీకు కావలసిన ముక్క వాడే ఇస్తాడు.

అలా దొరికినదాన్ని మిజ్ వాడుకున్నట్టు ఎవరూ వాడుకోలేదు. గాయాల వల్ల రిటైరైన బ్రయన్ 2016లో మిజ్‌ని భయస్తుడిలా ఆడతావన్నాడు. మిజ్ ఊగిపోతూ, అంత ప్రేముంటే నువ్వే వచ్చి ఆడు, వస్తానని జనానికి మాటిచ్చావుగా అన్నాడు. బ్రయన్ లేచి వెళ్ళిపోయాడు. వాళ్ళ మ్యాచ్ 2018 ఆగస్టులో గానీ జరగలేదు. రెండేళ్ళపాటు జనం ఆ మాట మర్చిపోలేదు.

తొమ్మిదో అడుగు: మాట రాకపోతే మనిషిని పెట్టుకోండి

ఇందులో నామోషీ ఏమీ లేదు. హిమాచల్ నుంచి వెళ్ళిన ద గ్రేట్ ఖలీ 2006లో వచ్చినప్పుడు మాట్లాడింది దైవారి అనే మేనేజరు. ఖలీ పక్కన నిలబడి చూస్తే చాలు, ఆ ఎత్తే మాట్లాడేది. మరుసటి ఏడు, 2007 జూలైలో, వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. లెస్నర్‌కి హేమన్ ఉన్నాడు. మీ జట్టులో బాగా ఆడేవాడు, బాగా మాట్లాడేవాడు ఒకడే కానక్కర్లేదు. మాట్లాడేవాడు మాత్రం తన గొప్ప చెప్పుకోకూడదు. హేమన్ పేరు చెప్పుకుని మొదలుపెట్టినా, ముగిసేసరికి కళ్ళన్నీ పక్కనున్నవాడి మీద ఉంటాయి.

తెలుగులో చెబితే బాగుంటుందా, ఇంగ్లీషు కలపాలా అని అడుగుతుంటారు. మీరు ఇంట్లో మాట్లాడేదే మాట్లాడండి. 2023 సెప్టెంబరు 8న డబ్ల్యూడబ్ల్యూఈ హైదరాబాద్ వచ్చి, మన కోనసీమ నుంచి లోక్‌సభ స్పీకరైన బాలయోగి గారి పేరున్న గచ్చిబౌలి స్టేడియంలో షో చేసింది. జాన్ సీనా మన దేశంలో ఆడిన మొదటి మ్యాచ్ అదే. రేపు అలాంటి చోట తెలుగు కుర్రాడొకడు మైకు తీసుకుని 'ఆయ్' అంటే స్టేడియం ఏమవుతుందో ఊహించుకోండి. అమెరికా యాస పెట్టి మాట్లాడితే అక్కడి రెజ్లర్లలో ఇంకొకడవుతాడంతే.

పదో అడుగు: ఆఖరి మాట అన్నాక ఆపండి

ఎక్కువమంది ఆఖరి వాక్యం బాగా చెప్పి, చప్పట్లు విని, ఇంకో రెండు ముక్కలు కలుపుతారు. అక్కడే గాలి పోతుంది. 'పట్టుకోండి' అన్నాక థాంక్యూలు వద్దు, కమిటీ పెద్దల పేర్లు వద్దు. అవి మొదట్లోనే చెప్పెయ్యండి, పెద్దలూ సంతోషిస్తారు. ఎదుటి జట్టు కెప్టెన్ వైపు ఒక్క చూపు చూసి వెనక్కి తిరగండి.

మైకు మాత్రం టీవీలో చూసినట్టు నేల మీద పడెయ్యకండి. అది టెంట్ హౌస్ వాళ్ళది. సౌండు కుర్రాడి చేతిలో పెట్టి రండి, ఫైనల్ రోజు ఎకో తగ్గించేది వాడే.